చంపి తనూ చనిపోయినవాడు న్యాయానికి చిక్కనట్టేనా?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. అమెరికాలో పదుల మందిని కాల్చి చివరికి తనను తాను కాల్చుకున్నవాడి వార్త చూసి "వీడు తప్పించుకున్నాడు కదా, ఇంకెక్కడి న్యాయం?" అన్నారు, అది మొదటిది. గుణుపురం వైపు మీ బంధువుల ఊళ్ళో ఒకడు సొంత ఇంట్లోనే నలుగురిని చంపి తనూ ప్రాణం తీసుకున్నాడనీ, ఠాణాలో "ముద్దాయే లేడు, కేసు అయిపోయింది, ఇళ్ళకు పొండి" అన్నారనీ రాశారు, అది రెండోది. నేను ఒడిశాలోని రాయగడ, గుణుపురం కోర్టుల్లో చాలా కాలంగా క్రిమినల్ కేసులు చూస్తున్న వకీలును. మీవాళ్ళకు తొందరగా తెలియాల్సింది ముందు చెప్పేస్తాను. ముద్దాయి చనిపోతే వాడికి శిక్ష వేసే దారి ఒక్కటే మూసుకుపోతుంది. మిగతావి తెరిచే ఉంటాయి. కొన్నింటికి గడువు ఉంది కాబట్టి ఆలస్యం చేయకండి.

ఇక మొదటి ప్రశ్న. అవును, వాడు శిక్ష తప్పించుకున్నాడు. "చావును మించిన శిక్ష ఏముంది?" అని కొందరు ఓదార్పుగా అంటారు. నేను ఒప్పుకోను. నలుగురి ముందు తప్పు తేల్చి, ఇదిగో నీకు ఇంత అని వేరొకరు వేస్తే అది శిక్ష. తనకు నచ్చిన రోజున, తన చేతులతో తను పోవడం శిక్ష ఎలా అవుతుంది? చంపింది వాడే, ఎప్పుడు ఆపాలో నిర్ణయించుకుందీ వాడే. చనిపోయినవాళ్ళ ఇంట్లో ఆ కడుపుమంట చల్లారకపోవడంలో తప్పేమీ లేదు. "పైన యముడు చూసుకుంటాడులే" అనే పెద్దవాళ్ళ నమ్మకాన్ని కాదనను, ఆ మాటతోనే ఎందరికో రాత్రి కాస్త కునుకు పడుతుంది. అయితే ఆ లెక్క మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్న లెక్కను కూడా వదిలేసుకుంటున్నామే అన్నదే నా బాధ.

చనిపోయినవాడి మీద విచారణ ఎందుకు నడపరంటే, ముద్దాయికి తన మాట చెప్పుకునే హక్కు ఉంది. లేనివాడు ఏం చెప్పుకుంటాడు? అందుకే విచారణ మధ్యలో ముద్దాయి పోతే వాడి వరకు కేసు అబేట్ అవుతుంది, అంటే అక్కడితో ఆగిపోతుంది. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ నిర్భయ కేసు గుర్తుంది కదా. ముద్దాయిల్లో ఒకడైన రాం సింగ్ 2013 మార్చి 11న తీహార్ జైల్లో ఉరికి వేలాడుతూ కనిపించాడు. వాడి మీద కేసు ఆగింది, మిగతావాళ్ళ మీద ఆగలేదు. నలుగురిని 2020 మార్చి 20న ఉరి తీశారు.

పోయినవాడిని విచారించిన సందర్భం చరిత్రలో లేకపోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నాయకులను విచారించిన నూరెంబర్గ్ కోర్టులో, హిట్లర్ కార్యదర్శి మార్టిన్ బోర్మన్ ఎక్కడున్నాడో తెలియక, మనిషి లేకుండానే విచారించి 1946 అక్టోబరులో మరణశిక్ష వేశారు. అప్పటికే వాడు చనిపోయి ఏడాది దాటింది. ఎముకలు 1972లో బెర్లిన్‌లో దొరికాయి. అదే కోర్టులో మరో పెద్ద నాజీ నాయకుడు గోరింగ్ ఉరికి కొన్ని గంటల ముందు విషం మింగాడు. అయితే అప్పటికే తీర్పు వచ్చేసింది, వాడు చేసినవన్నీ వాడి ఎదుటే చదివి రికార్డు చేశారు. ఉరి తప్పించుకున్నాడు గానీ తీర్పును తప్పించుకోలేకపోయాడు. విచారణకు ముందే పోయిన హిట్లర్‌కూ గోరింగ్‌కూ ఉన్న తేడా అదే.

విచారణ లేకపోతే నిజంగా ఏం పోతుందో న్యూజిలాండ్‌లో చూడొచ్చు. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని చంపినవాడు కారులో పారిపోతుంటే ఇద్దరు పోలీసులు అడ్డుపడి ప్రాణాలతో పట్టుకున్నారు. తర్వాత నేరం ఒప్పుకున్నాడు. 2020 ఆగస్టులో శిక్ష ఖరారు చేసేటప్పుడు సుమారు 90 మంది బాధితులు ఒకరి తర్వాత ఒకరు కోర్టులో నిలబడి వాడి ముఖం చూస్తూ మాట్లాడారు. కొడుకు పోయిన తల్లి మాట్లాడింది, తండ్రి పోయిన కూతురు మాట్లాడింది. కొందరు క్షమించామన్నారు, కొందరు క్షమించేది లేదన్నారు. వాడు కదలకుండా కూర్చుని అంతా వినాల్సి వచ్చింది. ఆ తర్వాత బతికినంత కాలం విడుదల లేని జైలు శిక్ష పడింది, ఆ దేశంలో అలాంటి శిక్ష అదే మొదటిది. మీవాళ్ళకు ఆ అవకాశం పోయింది. "ఎందుకు చేశావు?" అని అడగడానికి మనిషి లేడు. దీనికి బదులుగా ఏ చట్టమూ ఏమీ ఇవ్వలేదు, ఇస్తుందని నేను చెబితే అది అబద్ధం.

ఈ కారణంగానే, చంపినవాడు చావబోయి బతికితే డాక్టర్లు వాడిని కాపాడటాన్ని తప్పుపట్టకండి. "అలాంటివాడికి మందులు దండగ" అని ఆసుపత్రి దగ్గర గొడవపడ్డవాళ్ళను చూశాను. వాడు బతికితేనే కోర్టు బోనులో నిలబడతాడు.

అయితే మనిషి పోయినంత మాత్రాన నిజం కూడా పోనక్కర్లేదు. మన దేశంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని చంపిన మానవబాంబు ధను అక్కడికక్కడే పోయింది. కుట్ర నడిపిన శివరాసన్ ఆగస్టు 20న బెంగళూరు శివార్లలోని కోననకుంటెలో పోలీసులు చుట్టుముట్టాక అనుచరులతో సహా ప్రాణం తీసుకున్నాడు. "ముద్దాయి పోయాడు, ఇక కేసేముంది" అనే లెక్కన చూస్తే ఆ రోజుతో ఫైలు కట్టేయాలి. కానీ పేలుడులో చనిపోయిన ఫొటోగ్రాఫర్ కెమెరా చెక్కుచెదరకుండా దొరికింది. అందులోని ఫొటోలతో మొదలుపెట్టి దర్యాప్తు బృందం తీగ లాగుకుంటూ పోయింది. మొత్తం 41 మందిని ముద్దాయిలుగా చూపితే అందులో 12 మంది అప్పటికే చనిపోయారు, ముగ్గురు దొరకలేదు, 26 మంది విచారణకు నిలబడ్డారు. 1998 జనవరిలో ప్రత్యేక కోర్టు ఆ 26 మందికీ మరణశిక్ష వేస్తే, 1999 మేలో సుప్రీంకోర్టు నలుగురికే దాన్ని ఖాయం చేసి, ముగ్గురికి యావజ్జీవంగా మార్చి, 19 మందిని హత్యానేరం నుంచి తప్పించింది. ఈ చివరి సంగతిని చాలామంది పట్టించుకోరు. అసలువాడు పోయాక దొరికినవాడి మీద అంతా రుద్దేయకుండా ఎవరి పాత్ర ఎంతో కొలిచి చెప్పడం కూడా విచారణ చేసే పనే.

ఇంగ్లాండులో మాంచెస్టర్ సంగతి ఇంకా దగ్గరగా సరిపోతుంది. 2017 మే 22న సంగీత కచేరీ నుంచి జనం బయటికి వస్తుండగా ఒకడు తనను తాను పేల్చుకుని 22 మందిని చంపాడు, వాళ్ళలో చిన్న పిల్లలూ ఉన్నారు. వాడు పోయాడు. వాడికి సాయపడ్డ తమ్ముణ్ణి లిబియా నుంచి రప్పించి, విచారించి, 2020లో కనీసం 55 ఏళ్ళు లోపలే ఉండేలా శిక్ష వేశారు. అంతటితో వదిలిపెట్టకుండా, రిటైర్డు జడ్జి అధ్యక్షతన బహిరంగ విచారణ జరిపారు. భద్రతలో లోపం ఎక్కడుంది, అంబులెన్సులు ఎందుకు ఆలస్యమయ్యాయి, గూఢచారి విభాగం ఎక్కడ అవకాశం జారవిడిచింది అన్నవి మూడు సంపుటాల్లో బయటపెట్టారు. బిడ్డ పోయిన తల్లికి "ఆ రాత్రి ఏం జరిగింది?" అన్న ప్రశ్నకు అధికారికంగా రాసి ఇచ్చిన సమాధానం దొరికింది. అమెరికాలో శాండీ హుక్ బడిలో 2012 డిసెంబరు 14న 20 మంది పసిపిల్లలనూ ఆరుగురు సిబ్బందినీ చంపినవాడు కూడా తనను తాను కాల్చుకున్నాడు. ఆ తర్వాత తొమ్మిది కుటుంబాలు తుపాకీ తయారీ కంపెనీ రెమింగ్టన్ మీద పట్టుబట్టి దావా నడిపి, 2022లో 7.3 కోట్ల డాలర్ల పరిష్కారం రాబట్టాయి.

ఇవన్నీ పెద్ద దేశాల, పెద్ద కేసుల కబుర్లు, గుణుపురం ఎస్‌డీజేఎం (సబ్‌డివిజన్ మేజిస్ట్రేటు) కోర్టులో మన మాట ఎవరు వింటారు అంటారేమో. వింటారు. కాకపోతే మనం అడగాలి.

చంపినవాడు పోయినా ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందే, దర్యాప్తు చేయాల్సిందే. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవారికీ బాధితులకూ ఉచితంగా ఇవ్వాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నేర విచారణ చట్టం, ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు పోలీసులు మీకు చెప్పాలి కూడా. దర్యాప్తు అయ్యాక "ముద్దాయి మరణించాడు" అని కోర్టుకు ఫైనల్ రిపోర్టు వేస్తారు. ఇక్కడే అసలు మలుపు ఉంది. ఆ రిపోర్టును ఒప్పుకునే ముందు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి, అభ్యంతరం ఉంటే వినాలని సుప్రీంకోర్టు 1985లోనే భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. ఆ అభ్యంతరాన్ని కోర్టుల్లో ప్రొటెస్ట్ పిటిషన్ అంటాం. "నాటు తుపాకీ ఎవరు చేసిచ్చారో తేల్చలేదు", "రెచ్చగొట్టినవాళ్ళను ప్రశ్నించలేదు", "ఫోను తెరిచి చూడలేదు" అని అందులో రాసి ఇవ్వొచ్చు. సబబని తోస్తే మేజిస్ట్రేటు మళ్ళీ దర్యాప్తు చేయమంటారు.

మన వైపు ఈ నోటీసు దగ్గరే అంతా పోతుంది. ఒకామె సంగతి చెబుతాను, ఊరు పేరు వద్దు. మరిది ఆమె భర్తనూ అత్తమామలనూ చంపి తనూ పోయాడు. ఆమె ఇద్దరు పిల్లలతో పుట్టింటికి చేరింది. ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మూడు పోస్టుమార్టం రిపోర్టులు, ఆధార్ జిరాక్సులు, అడుగున మడత పెట్టిన నోటీసు. నోటీసు అంతా ఒడియాలో ఉంది. ఆమె తెలుగే కూడబలుక్కుని చదువుతుంది.

"ఇందులో ఏముందని చెప్పారమ్మా?" అని అడిగాను.

"వాడు చచ్చిపోయాడని రాసుందంట వకీలు బాబూ. సంతకం పెట్టమన్నారు, పెట్టాను."

కింద, ఆమె సంతకం పైన, వేరెవరిదో చేతిరాతతో "అభ్యంతరం లేదు" అని ఉంది.

ఆ అభ్యంతరం ఏమిటో, ఆ మాటతో తను ఏం వదులుకుందో ఆమెకు ఒక్క ముక్క కూడా ఎవరూ చెప్పలేదు. అది చదివినప్పుడు నాకు పట్టలేని కోపం వచ్చింది. అదే విషయం కోర్టుకు చెప్పి, ఆ సంతకం తెలిసి పెట్టింది కాదని పిటిషన్ వేశాం. మేజిస్ట్రేటు మళ్ళీ దర్యాప్తుకు ఆదేశించారు. మరిది ఫోను తెరిపించారు. చంపడానికి ముందు వాడు తన స్నేహితుడికి "ఇక ఎవరూ మిగలరు" అని చెప్పినట్టు బయటపడింది. ఆ స్నేహితుడు తాగిన మాటలనుకుని ఎవరికీ చెప్పలేదు. కొత్తగా ఎవరి మీదా కేసు నిలవలేదు. కానీ అప్పటిదాకా "ఈవిడ నోరే ఇంత పని చేసింది" అంటూ ఊళ్ళో ఆమెనే ఆడిపోసుకునేవాళ్ళు. వాడు పొలం అప్పుల వల్ల చాలా రోజుల ముందే మనసులో పెట్టుకున్నాడని కోర్టు కాగితంలో వచ్చాక ఆ నోళ్ళు మూతపడ్డాయి. చంపినవాడు లేకపోయినా ఆమెకు దక్కిన న్యాయం అది. చిన్నదని నేననుకోను.

ఇక పరిహారం. దీనికి ఎవరికీ శిక్ష పడనక్కర్లేదు. పాత సీఆర్‌పీసీలో 357ఏ సెక్షను, ఇప్పుడు కొత్త సంహితలో 396. నేరం చేసినవాడు దొరకకో, ఎవరో తేలకో విచారణ జరగని సందర్భంలో కూడా బాధితులు, వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళు జిల్లా న్యాయ సేవల సంస్థకు, అంటే డీఎల్ఎస్ఏకు, దరఖాస్తు పెట్టుకోవచ్చని అందులో ఉంది. ముద్దాయి పోయిన కేసు అని ఆ మాటల్లో విడిగా రాయలేదు గానీ, అక్కడా విచారణ జరగదు కాబట్టి దీని కింద దరఖాస్తు పెట్టి అడగాలి. వాళ్ళు రెండు నెలల్లో విచారణ ముగించాలి. డబ్బుతో మనిషి వస్తాడా అంటారు, రాడు. కానీ ఆ పిల్లల బడి ఫీజులు, ఆసుపత్రి బాకీలు ఎవరు కడతారు? చంపినవాడికి సొంత ఆస్తి ఉంటే దాని మీద సివిల్ దావా కూడా వేయొచ్చు. 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ పేరులో ప్రమాదం అన్న మాట ఉన్నా, నేరం వల్ల జరిగిన మరణానికీ అది వర్తిస్తుంది. గడువు మరణించిన రోజు నుంచి రెండేళ్ళు. వాడి వారసులు వాడు వదిలిన ఆస్తి మేరకే బాధ్యులు, వాళ్ళ సొంత కష్టార్జితం నుంచి పైసా అడగడానికి లేదు.

సొంత ఇంట్లో జరిగిన హత్యల్లో భూమి గొడవ తప్పకుండా వస్తుంది, దశదినాలు కాకముందే వస్తుంది. హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షను ప్రకారం చంపినవాడు, చనిపోయినవారి ఆస్తికి వారసుడు కాలేడు. తండ్రిని చంపి గంట తర్వాత తను పోయినా, "ఆ గంటలో ఆస్తి వాడికి వచ్చింది, వాడి నుంచి మాకు వచ్చింది" అనే వాదన చెల్లదు, తండ్రికన్నా ముందే పోయినట్టు లెక్కిస్తారు. చంపినవాడి భార్య అతని ద్వారా హక్కు చెప్పుకున్నా రాదని 2005లో వెల్లికన్ను కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఏ పాపం ఎరుగని భార్య అయితే ఇది ఆమెకు కఠినంగానే ఉంటుంది, నాకూ బాధగానే ఉంటుంది. చట్టం మాత్రం ఇదే. మీవాళ్ళు ముందు తహసీల్దారు ఆఫీసులో భూమి రికార్డు కాపీ తీసుకుని, మ్యుటేషన్‌కు, అంటే రికార్డులో పేరు మార్పుకు, ఎవరైనా దరఖాస్తు పెట్టారేమో చూడమనండి.

చంపినవాడి ఇంటివాళ్ళ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో "వాడి తల్లిని ఊళ్ళో ఉండనివ్వడం లేదు" అన్న వాక్యం ఉంది. వాడు దొరకలేదు కాబట్టి వాడి తల్లి దొరికింది అన్నట్టుంది ఇది. నేరం చేసినవాడితోనే నేరం పోతుంది, అది అతని తల్లికి వారసత్వంగా రాదు. ఆమెను బెదిరించినా, ఇల్లు వదిలిపొమ్మని తరిమినా అది కొత్త నేరం, దానికి బతికి ఉన్న ముద్దాయిలు ఉంటారు. ఆ తల్లికి కూడా కొడుకు పోయాడు, పైగా ఏడవడానికి కూడా సిగ్గుపడాల్సిన స్థితి. మీకు ఆ ఊళ్ళో మాట చెల్లుతుందంటే ముందు ఈ పని చేయండి.

న్యాయమంటే జరిగినదానికి లెక్క చెప్పించడమే కాదు, మళ్ళీ జరగకుండా చూడటం కూడా. చావడానికి సిద్ధపడ్డవాడిని ఉరితాడు భయపెట్టదు. అలాంటివాడిని ఆపాలంటే ముందే ఆపాలి, ముందే ఆపాలంటే అంతకుముందు జరిగినవాటిలో ఏమైందో తెలియాలి. అమెరికా సీక్రెట్ సర్వీసు 2002లో 37 బడి దాడులను లోతుగా చూసింది, బతికి ఉన్న పదిమంది దాడి చేసినవాళ్ళతో కూర్చుని మాట్లాడింది కూడా. అయిదింట నాలుగు వంతుల దాడుల్లో కనీసం ఒక్కరికైనా సంగతి ముందే తెలుసని తేలింది. దాడి చేసినవాళ్ళలో 78 శాతం మంది గతంలో చావాలనుకున్నవాళ్ళో ప్రయత్నించినవాళ్ళో. మరిది కేసులో ఆ స్నేహితుడిలా, ఎవరో ఒకరు వింటారు. మీ చుట్టూ ఎవరైనా "నేనూ పోతాను, వీళ్ళనూ తీసుకుపోతాను" అంటే తాగిన మాటని వదిలేయకండి. ఇంట్లోవాళ్ళను ఆ రాత్రికి వేరేచోట పడుకోబెట్టి, ఠాణాకు చెప్పండి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఏ వేళైనా ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఆ ఇంట్లో మిగిలినవాళ్ళకూ ఆ నంబరు ఇవ్వండి, ఇలాంటి చావుల తర్వాత మిగిలినవాళ్ళ మనసు ఎంత నలిగిపోతుందో నేను చూశాను.

నాకు ఒక అసంతృప్తి ఉంది. శిక్ష పడినవాడు అప్పీలు మధ్యలో చనిపోతే, అతని మీది మచ్చ చెరిపేయడానికి దగ్గరి బంధువులు 30 రోజుల్లో అనుమతి కోరి ఆ అప్పీలు నడుపుకోవచ్చు. చనిపోయినవాడి పరువు కోసం చట్టం అంత జాగ్రత్త తీసుకుంది. మరి వాడి చేతిలో చనిపోయినవాళ్ళ కుటుంబానికి "ఇతనే చంపాడు, ఇలా జరిగింది" అని బహిరంగ కోర్టులో తేల్చి చెప్పే తీర్పు అడిగే హక్కు ఎందుకు ఉండకూడదు? ఇంగ్లాండులో అనుమానాస్పద మరణాలకు జరిపే బహిరంగ విచారణ లాంటిది మనకూ కావాలి, ఆ ఉత్తర్వు బాధితుల భాషలో వాళ్ళ చేతికి ఇవ్వాలి. సరిహద్దు జిల్లాల్లో ఉన్నవాళ్ళం కాబట్టి ఈ రెండోది మనమే గట్టిగా అడగాలి.

మీవాళ్ళు ఇప్పుడు చేయాల్సింది ఇది. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టులు, కోర్టు నుంచి ఏ కాగితం వచ్చి ఉంటే అది పట్టుకుని రాయగడ కోర్టు ఆవరణలోని డీఎల్ఎస్ఏ ఆఫీసుకు వెళ్ళాలి. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఒడియా చదవడం రాకపోతే చదివి చెప్పమని అక్కడే అడగండి, చదివించుకోకుండా దేని మీదా సంతకం పెట్టొద్దు. ఫైనల్ రిపోర్టు నోటీసు ఇప్పటికే వచ్చి ఉంటే దాని మీదున్న తేదీ, కేసు నంబరు నాకు విడిగా రాయండి. ప్రొటెస్ట్ పిటిషన్‌లో ఏయే అంశాలు పెట్టాలో చెబుతాను.